ఒకే పేరుతో ఇద్దరు నాన్నలు

చనిపోయినవాళ్ళు ఇంట్లోనే మెషీన్లలో మాట్లాడే రోజులవి. విశాఖలో పోయిన పరదేశిగారి మెషీన్ మాత్రం ఆ ఉదయం మొరాయించింది.

"మీ నాన్నగారి జ్ఞాపకాల డ్రైవ్‌లు ఒకే పేరుతో రెండు పెట్టారు. ఒకటి తీస్తేనే లేస్తారు," అంది మెకానిక్ నూకరత్నం.

"తమ్ముడిది తీసెయ్. వాడు మార్చేశాడు," అన్నాడు పెద్దకొడుకు.

"నువ్వు మార్చలేదేటి?" అన్నాడు చిన్నవాడు.

నూకరత్నం రెండింటినీ విడివిడిగా నడిపింది. "ఈ ఇల్లు పెద్దోడికే," అన్నాడు మొదటి తండ్రి. "చిన్నోడికే," అన్నాడు రెండో తండ్రి, అదే గొంతుతో.

వాళ్ళమ్మ సింహాచలమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"ఇది మా నాన్న నా పేర రాసిచ్చిన ఇల్లురా. మీ నాన్నది ఎప్పుడైంది? దొంగపనైనా సరిగ్గా రాదేట్రా మీకు? రత్నం, ఆ రెంటినీ నువ్వు పీకెయ్యమ్మా. ఈ రెంటినీ నేను గెంటుతాను."