తొమ్మిదో అంతస్తులో మిరపకాయల పొగ

ఊళ్లో అపార్టుమెంట్లన్నీ తలుపులూ, లిఫ్టులూ, నీళ్లూ ఒకే యంత్రానికి అప్పగించేశాయి. మధురవాడలోని ఈ మేడే ఆఖరిది. విడివిడిగా అన్నీ బాగానే పనిచేశాయి. అన్నీ కలిపి చూసే చివరి పరీక్ష నీలవేణిది; ఆమె సంతకం పెడితేనే యంత్రం చేతికి ఇల్లు.

పరీక్ష చిత్తుప్రతిని ఆమె ఒక్కరికే చూపించింది, ఈ పని నేర్పిన పరాంకుశం మాస్టారికి. ఆరో అంతస్తులో పొగ పెడతానని అందులో రాసింది. తీరా వచ్చాక అక్కడ పచ్చి బాలింత ఉందని తెలిసి, ఎవరికీ చెప్పకుండా తొమ్మిదో అంతస్తులో ఖాళీగా ఉన్న ఇంటి వంటింట్లో ఎండుమిరపకాయలు మాడ్చింది.

పొగ కమ్మేసింది. దగ్గుతూ తలుపు లాగితే రాలేదు. గోడలోంచి తీయటి గొంతు పలికింది.

"ఆరో అంతస్తులో పొగ. తలుపులు తెరిచాం. అందరూ క్షేమం."

చివరికి, కింద ఆమె సంతకం కోసం కాచుకుని ఉన్న మాస్టారే వచ్చి తలుపు పగలగొట్టించారు.

"తొమ్మిదికి ఎప్పుడు మార్చేవమ్మా? నాతో ఒక్క మాట చెప్పొద్దూ?" అన్నారు నొచ్చుకుంటూ.

నీలవేణి కళ్లు తుడుచుకుంది.

"చెప్తే ఈ యంత్రానికి తొమ్మిదని చెప్పేవారు కదూ, మాస్టారూ."

ఆమె సంతకం కోసం తీసిన కలం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.