నాలుగో కాపీ

డిస్కు పోయినా రిస్కు ఉండకూడదని ఉమామహేశ్ ఆ రాత్రి న్యూ టౌన్ ఆఫీసులో కూర్చుని, ప్రతి ఫైలుకీ మూడు డిస్కుల్లో మూడు కాపీలుండేలా సర్వర్‌కి మూడు ముళ్లూ వేశాడు. పరీక్షకి, పోయిన అమ్మ చివరిసారి పంపిన వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆమె గొంతు ఇక అదొక్కటే మిగిలింది. "ఒరే, తిన్నావేటి?" అంతే.

తెర మీద కాపీలు నాలుగని వచ్చింది.

తోటి ఉద్యోగిని, బెంగాలీ అమ్మాయి చిన్మయికి ఫోన్ చేశాడు. "దాదా, నువ్వు లెక్కపెట్టింది కాపీలా, తాగిన కాఫీలా?" అని నవ్విందామె. "ఎక్కువైనదాన్ని పది నిమిషాల్లో సిస్టమే ఊడ్చేస్తుందిలే."

ఫోన్ పెట్టేశాక ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు. నాలుగోదాన్ని విన్నాడు. "ఒరే, తిన్నావేటి?" మెసేజ్ అక్కడితో ఆగలేదు. తర్వాత అమ్మే మళ్లీ: "ఎప్పుడొస్తావురా? ఇక్కడ సీకటిగా ఉంది."

మిగతా మూడింట్లో ఆ మాట లేదు.

ఊడ్చేయడానికి ఇంకా రెండు నిమిషాలుంది. సెట్టింగులో మూడు తీసేసి నాలుగు కాపీలని మార్చాడు. ఇక దాన్నెవరూ చెరపరు. హమ్మయ్య అనుకునేలోగా తెర మీద నాలుగు పోయి అయిదు వచ్చింది.

అయిదోది నొక్కాడు. ఎప్పుడొస్తావని అమ్మ మళ్లీ అడిగింది. ఈసారి జవాబు కూడా వినిపించింది, అచ్చం ఉమామహేశ్ గొంతుతోనే.

"బయల్దేరేనమ్మా."