ఉతికిన సంచీ

డ్రమ్ము బోర్లించి అడుగు మీద నాలుగు దెబ్బలు కొట్టినా ఇంకో గ్లాసుడు బియ్యం రాలలేదు. పన్నెండు సంచులు నిండాయి. పదమూడోది టైలరమ్మ చేతిలో ఖాళీగా వేలాడుతోంది.

బడికి సెలవులు. లేని ఇళ్ళకోసం వారంవారం తలో డబ్బాడు బియ్యం తెచ్చే పిల్లల్లో సగంమంది ఊళ్ళకు పోయారు. పోయినవారమే ఒక్కో సంచికి రెండు గ్లాసులు తగ్గించారు. ఇంకా తగ్గిస్తే ఎవరికీ రెండు పూటలకైనా రాదు.

ఒక ఇల్లు ఆపక తప్పదన్నాడు పోస్టు తాతయ్య. ఉద్యోగమున్నన్నాళ్ళూ అందరి గడపలూ తొక్కిన మనిషికి ఈ పదమూడు గడపలు మాత్రం తెలియవు. సంచుల మీద పేర్లుండవు, అంకెలే. ఏ అంకె ఏ ఇల్లో టైలరమ్మ ఒక్కతెకే ఎరుక. ఆ పద్ధతి పెట్టిందీ ఆవిడే. ఫలానావాళ్ళ బియ్యం తిన్నామని తెలిస్తే ఆ ఇంటి పిల్లలు రేపు బడిలో తలెత్తుకోలేరని.

“ఏడో ఇల్లు ఆపేద్దాం,” అంది లాయరు. తొమ్మిదేళ్ళ పిల్ల. వాదనకు దిగితే టీచర్లే పక్కకు తప్పుకుంటారని ఆ పేరు.

“ఏడే ఎందుకే?” టైలరమ్మ గొంతు కాస్త గట్టిగానే లేచింది.

పోయినవారం ఇచ్చి, ఖాళీగా తిరిగొచ్చిన సంచుల కుప్పను లాయరు ముందుకు లాగింది. “చూడండాంటీ. అన్నీ మరకలే. ఏడోది మాత్రం ప్రతిసారీ ఉతికి, చక్కగా మడతపెట్టి వస్తుంది. సబ్బు కొనుక్కునేవాళ్ళు బియ్యం కొనుక్కోలేరా?”

పోస్టు తాతయ్య నవ్వాడు. జడ్జీగారు తీర్పు చెప్పేశారన్నాడు. మిగతా పిల్లలూ తలలూపారు.

“శుభ్రంగా ఉంటే కడుపు నిండినట్టు కాదే తల్లీ,” అంది టైలరమ్మ.

“అయితే వాళ్ళ సంగతేంటో మీరు చెప్పండి.”

చెబితే ఆ ఇల్లు ఎవరిదో బయటపడుతుంది. చెప్పకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. టైలరమ్మ ఏడో సంచీ మూతి విప్పి, ఒక్క గింజ కింద పడకుండా పదమూడోదాన్లోకి వంపింది.

“పాపం, వాళ్ళకు కబురెవరు చెబుతారు?” అన్నాడు తాతయ్య.

“నేనే చెబుతాలెండి.”

టైలరమ్మ ఒక్కతే బయల్దేరింది. సంచీ గడప మీద పెట్టడం, తలుపు తట్టడం, ఎవరైనా వచ్చేలోగా సందు మలుపు తిరిగేయడం. పన్నెండిళ్ళూ అలాగే అయ్యాయి. ఏడో ఇంటి ముందు మాత్రం తట్టడానికి చెయ్యి లేవలేదు. ఉత్త చేతులతో అలా ఎంతసేపు నిలబడిందో.

లోపల్నుంచి తలుపు తెరుచుకుంది. నాలుగేళ్ళ పిల్ల టైలరమ్మను చూసి, వెనక్కి తిరిగి ఇంట్లోకి కేకేసింది.

“లేవరా తమ్ముడూ, అమ్మ వచ్చేసింది.”