మందుకు విరుగుడు

“పురుగుమందు ఇంకెక్కడుంటుందండీ? సగం ఎండ తినేస్తుంది. కొంత వాన కడిగేస్తుంది. మిగిలింది మట్టిలో సూక్ష్మజీవులు నమిలేస్తాయి,” అన్నాడు తోట యజమాని, అన్నం కలుపుకుంటూ.

ఎదురుగా కొనుగోలు అధికారిణి. ఆమె సరేనంటే ఈ తోట కూరగాయలు ఇక పెద్ద దుకాణాలన్నిటికీ వెళ్తాయి.

“దానికి టైం పట్టదూ? కొన్ని మందులు మట్టిని పట్టుకుని నెలల తరబడి వదలవు,” అందామె.

“మావి అలాంటివి కావు. కొట్టిన మర్నాడే కోసుకోవచ్చు. ఇంట్లో మేం తినేదీ అవే!”

అబద్ధం. ఇంటికోసం పెరట్లో మందు చుక్క తగలని మడి వేరే ఉంది.

కూర గిన్నెతో వస్తున్న వంటావిడ గుమ్మంలో ఆగిపోయింది.

కొట్టిన మర్నాడే! తన చెల్లెల్ని కోతకు దింపిన రోజూ ఇదే మాట. ఆకుల మీద మందు తడైనా ఆరలేదు. పిల్ల మడిలోనే నురగ కక్కుకుని పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

“వడదెబ్బ,” అనేశాడు యజమాని. అక్కకి వంటపని ఇచ్చి నోరు కుట్టేశాననుకున్నాడు. ఆమె కడుపులో నిప్పు దాచుకుని రోజూ అతనికి వండి పెట్టింది.

ఇప్పుడు వంకాయ కూర ముందు అతనికే వడ్డించింది.

“అబ్బ, వెన్నలా ఉంది!” లొట్టలేస్తూ తిన్నాడు.

“అయ్యగారూ, పెరటి వంకాయలు అయిపోయాయి. నిన్న మందు కొట్టిన మడిలోంచి కోసుకొచ్చాను.”

కంచం ఎగిరి గోడకి తగిలింది.

“ఒసేయ్, చంపేశావే!” గొంతులో వేళ్ళు పెట్టుకున్నాడు. “అది విషమే! కారు తీయండి! డాక్టర్ని పిలవండి!”

అధికారిణి తన కంచం పక్కకి నెట్టేసింది.

“మర్నాడే తినొచ్చన్నారుగా?” అంది వంటావిడ, కదలకుండా. “మా చెల్లికి తగిలింది వడదెబ్బేనా?”

“కాదు తల్లీ, మందే! నేనే దింపాను, తెలిసే దింపాను! నీ కాళ్ళు పట్టుకుంటా, ముందు డాక్టరు!”

అధికారిణి ఫోన్ తీసింది. డాక్టర్ని పిలిచింది. ఆ వెంటనే పోలీసుల్నీ పిలిచింది.

అందరూ వెళ్ళాక వంటావిడ వంటింట్లో పీట వాల్చుకుని, గిన్నెలో మిగిలిన కూరంతా నింపాదిగా ఊడ్చుకు తిన్నది, పెరటి వంకాయల రుచే వేరనుకుంటూ.