పాతర చూసిన మనిషి

“ఈ నలభై వ్యాసాలు రాసినోళ్లలో ఒక్కడైనా పాతర చూసినాడా అమ్మా?” అంటూ గైడు నాగేంద్రప్ప థీసిస్‌ను బల్ల మీద పడేశాడు.

రక్షిత గతుక్కుమంది. కోలారు జిల్లా రాగుల పాతరల మీద నాలుగేళ్ల పరిశోధన ఆమెది. ‘నేలలో పాతరేసిన రాగులు యాభై ఏళ్లయినా చెడవు’ అన్న ఒక్క మాట మీదే సగం థీసిస్ నిలబడింది.

“అందరూ రాసినారు కదా సార్.”

“ఒకర్ని చూసి ఒకరు రాసినారు. నెట్‌లో ఊరికే దొరికిందంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టు దించుకుంటిరి, కింద పేర్లు పెడితిరి. దుడ్డు కట్టి చదివేది ఒకటైనా ముట్టినావా? పోయినేడు నువ్వు నెట్‌లో పెట్టిన కన్నడ వ్యాసంలోనూ ఇదే మాట! కళ్లారా చూసిన మనిషిని శుక్రవారంలోగా చూపించు. లేదా, నేను సంతకం చెయ్యను. అంతే.”

గురువారం ఆమె గౌనిపల్లి బస్సెక్కింది. అక్కడ ఎవరిని అడిగినా ఒకటే పేరు చెప్పారు, దొడ్డమునియప్ప. ఎనభై దాటిన రైతు. అరుగు మీద కూర్చుని పట్టుగూళ్లు ఏరుతున్నాడు.

“తాతా, కోలారు కాలేజీ నుంచి వచ్చినాను. పాతరలో రాగులు ఎన్నాళ్లుంటాయి?”

“యాభై ఏండ్లు!” తడుముకోకుండా అన్నాడు. “గింజ చెక్కు చెదరదు.”

రక్షితకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట రికార్డు చేసుకుంది. కాగితం మీద సంతకం కూడా పెట్టించుకుంది. అమ్మయ్య, గట్టెక్కాను అనుకుంది.

“మీరు తెరిచిన పాతర యాడుండాది తాతా? ఫోటో తీసుకుంటాను.”

“నేనెప్పుడు తెరిస్తినమ్మా? మా ఇంట్లో పాతరే లేదు. తినంగా మిగిలితే కదా పాతరేసేది!” అని పెద్దగా నవ్వాడు.

“మరి యాభై ఏళ్లని చెప్పినారే?”

“మీ మాదిరి కాలేజోళ్లు వారానికొకరు వచ్చి ఇదే అడుగుతా ఉండారు. తెలీదంటే పాపం, మొహాలు చిన్నబోతాయి. ఇంగేం చేసేది? ఇది చదివి పెట్టుకున్నా.” జేబులోంచి ఫోన్ తీసి వేలితో పైకి తోశాడు. “ఊరికే దొరికిందిలే, దుడ్డు కట్టే పనే లేదు.”

కళ్లజోడు సర్దుకుని కన్నడ అక్షరాలను కూడబలుక్కున్నాడు.

“రాసింది యారో రక్షిత అంట. పోయి ఆ యమ్మనే అడుగు తల్లీ. ఆ యమ్మ కళ్లారా చూసే ఉంటాది.”