మూడో నాబ్

“మూడో నాబ్ వద్దులే అన్నా. అది ఉత్త వేస్టు,” అంది నమిత.

శ్రీహరి మొహం మాడిపోయింది. గిటార్ శబ్దానికి ఎకో కలిపే తన పెడల్ పెట్టె పాడైతే, దాని చిప్‌లోంచి ప్రోగ్రాం బయటికి లాగి, అచ్చం అలాంటిదే కొత్త పెడల్ చేసిమ్మని మత్తిగిరిలో ఆమె రిపేరు షాపుకు వచ్చాడతను.

“ఆదివారం కృష్ణగిరిలో కచేరీ పెట్టుకోని ఇదేం మాటమ్మా! అది తిప్పితేనే కదా ఎకో తియ్యగా అయ్యేది. పదైదేండ్లుగా ప్రతి పాటలో తిప్పతా ఉండాను.”

“ఒక్కో లైనూ విప్పి చూసినానన్నా. ప్రోగ్రాం ఆ నాబ్‌ని యాడా పట్టించుకోలేదు.”

“అట్లనా? అయితే విను.”

అదే ప్రోగ్రాం ఎక్కించి, పరీక్ష కోసం పాత పెడల్ నాబ్‌లు మూడూ కలిపి ఉంచిన కొత్త బోర్డుకు గిటార్ తగిలించాడు. పక్కనే భార్య సుమ పల్లవి ఎత్తుకుంది. చరణం ముందర శ్రీహరి తీగల మీంచి చెయ్యి తీసి, తాపీగా మూడో నాబ్ తిప్పాడు. ఆ సందులో సుమ గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

చరణం నిజంగానే తియ్యగా సాగింది.

“వింటివా?” అన్నాడు శ్రీహరి, గెలిచినట్టు.

నమిత సుమ వైపు చూసింది. “విన్నానన్నా. మూడో నాబ్ పెడతాలే.”

అతను గిటార్ సంచిలో సర్దుకుంటుంటే సుమ ఆమె చెవి దగ్గరికి వంగింది.

“కొంచెం బిర్రుగా తిరిగేది పెట్టమ్మా. ఈ మధ్య నాకు ఆ కాస్త ఊపిరి చాలడం లేదు.”