ఎవరి చెయ్యీ పడని రాయి

“దాని మీద చెయ్యెయ్యకు. అది నీ వంటింటి గట్టు కాదు.”

శిల్పి అంత మాటా అందరి ముందే అన్నాడు. అలవాటుగా రాతి మీద ఆన్చిన చేతిని భార్య వెనక్కి తీసుకుని, వెళ్ళి ముందు వరసలో కూర్చుంది.

మ్యూజియం హాలు నిండిపోయింది. మధ్యలో దిమ్మె మీద నల్లరాతి పలక. ఏటవాలుగా, నడిమధ్య గుంటపడి, అద్దంలా నున్నగా ఉంది. కింద చీటీ మీద ‘శ్రమ’ అని పేరు. శిల్పిగారు కుర్రతనంలో చెక్కి, పెరట్లో వదిలేసిన తొలి పని అని డైరెక్టరమ్మ పరిచయం చేసింది. ఉపన్యాసం అయ్యాక కమిటీ తేల్చేస్తుంది. నచ్చితే ఈ హాల్లో శాశ్వతంగా ఉంటుంది. లేదంటే వచ్చిన లారీలోనే వెనక్కి. ఈ దిమ్మె కోసం శిల్పి జీవితమంతా కాచుకుని కూర్చున్నాడు.

“శ్రమంటే మీకేం తెలుసు?” అని మొదలెట్టాడు. “మీ అరచేతులు ఓసారి చూసుకోండి. వెన్నముద్దలు!”

జనం అరచేతులు చూసుకుని సిగ్గుపడ్డారు. తిట్టేకొద్దీ ఆయన మీద గౌరవం పెరిగింది.

“ఇది శ్రామికుడి వంగిన వీపు. చెక్కి, ఎండకీ వానకీ వదిలేశాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పెరటి గుమ్మం దాటలేదు. రాయి పండాలి! మొన్న లారీ వచ్చినప్పుడు కూడా నేను ఊళ్ళో లేను. ఇవాళ చూస్తే, నా చేతిపనిని నేనే గుర్తుపట్టలేకపోయాను. అంత ఎదిగింది.”

విమర్శకుడొకాయన లేచి, కళ్ళజోడు సవరించుకుని గుంట మీదికి వంగాడు. “ఈ నునుపు ఉలికి లొంగేది కాదు. ఏళ్ళ తరబడి ఒకే చోట దెబ్బ పడాలి. సహాయకులెవరైనా...”

“నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు.”

ముందు వరసలో ఎవరో దగ్గారు. శిల్పి అటు చూశాడు.

“మా ఆవిడ. కళ అంటే ఏంటో తెలీదు పాపం. పొద్దస్తమానం పని చేస్తుంది. కానీ పని వేరు, శ్రమ వేరు. పొద్దున ఉతికిన చొక్కా సాయంత్రానికి మాసిపోతుంది. అది పని. దాని ఆనవాలు ఎక్కడా మిగలదు. ఇదిగో, ఇది మిగులుతుంది!”

ఈ ముక్క చాలామంది రాసుకున్నారు.

డైరెక్టరమ్మకి జాలేసినట్టుంది. “మీరూ రెండు మాటలు చెప్పండమ్మా” అని మైకు అందించింది.

“త్వరగా కానియ్” అని పళ్ళ మధ్య నుంచి అన్నాడు శిల్పి.

ఆవిడ లేచి, చీర కొంగు సర్దుకుంది. “నాకేం తెలుసండీ. ఆ రాయి మీద ఈయన ఒక్క దెబ్బ వెయ్యడం కూడా నేనింతవరకూ చూళ్ళేదు.”

శిల్పి మొహంలో నెత్తుటిచుక్క లేదు. కమిటీవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“ఆహా!” అని విమర్శకుడు కేకేశాడు. “కట్టుకున్న భార్య కంట కూడా పడని ఏకాంత సాధన!”

చప్పట్లు మోగిపోయాయి. శిల్పి తల వంచుకున్నాడు. వినయం ఆయనకి కొత్త, అయినా బాగానే అతికింది.

కమిటీకి లేచి పక్క గదిలోకి వెళ్ళే పని కూడా లేకపోయింది. రాయి ఇక మ్యూజియందే.

కారెక్కగానే ఆయన విరుచుకుపడ్డాడు. “కొంప ముంచేదానివి కదే! చూళ్ళేదని చెప్పకపోతే ఏం?”

“చూడనిది చూశానని ఎలా చెప్పనండీ?”

“నోరు మూసుకుంటే సరిపోయేది.”

“మంచి రాయండీ” అంది కిటికీలోంచి చూస్తూ. “పంపించడానికి నాకే మనసు ఒప్పలేదు.”

“నీకేం తెలుసు దాని విలువ!”

ఇంటికి రాగానే చొక్కా విప్పి ఆవిడ మీదికి విసిరాడు. “రేపు పేపరువాళ్ళొస్తారు. ఇదే వేసుకోవాలి. మెషిన్లో పడేసి పాడుచెయ్యకు, చేత్తో ఉతుకు.”

“అలాగే” అంటూ ఆవిడ చొక్కా పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి నడిచింది. పెళ్ళైనప్పటి నుంచీ బట్టలుతికిన బండని లారీవాళ్ళకి తనే వేలెత్తి చూపించి ఎక్కించేశాక, ఆ చొక్కా బాదడానికి ఇప్పుడక్కడ మిగిలింది ఆయన చెక్కిన శిల్పం ఒక్కటే.